వీధంతా కరెంటు ఉంది, మా ఇంట్లోనే పోతోంది. కారణం ఏమై ఉంటుంది?

మేడమీదగది:

కొన్ని వారాలుగా మా ఇంట్లో కరెంటు నిలబడట్లేదు. వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పక్కింట్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, మాకు మాత్రం పోతుంది. అదీ ఒక్కోసారి ఒక్కోలా.

వంటింట్లో ఇండక్షన్ స్టవ్, ఓవెన్, కెటిల్ కలిపి వాడితే కాసేపటికి బోర్డులో ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడే చిన్న స్విచ్) పడిపోయేది. వాన పడిన రాత్రి మాత్రం మెయిన్ పక్కన టెస్ట్ బటన్ ఉండే వెడల్పాటి స్విచ్ పడిపోతుంది. ఎత్తితే నిలబడదు. మర్నాడు ఎండెక్కాక ఎత్తితే ఏమీ కానట్టు నిలబడుతుంది. మూడోది నాకు అస్సలు అంతుపట్టడం లేదు. సాయంత్రం ఏడు దాటాక హాలు, వంటిల్లు ఆగిపోతాయి, పడగ్గదుల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. బోర్డులో ఒక్క స్విచ్ కూడా పడి ఉండదు. పది పదిహేను నిమిషాలకు దానంతట అదే వస్తుంది.

పిలిపించిన ఎలక్ట్రీషియన్ వంటింటి ఎంసీబీ చిన్నదైపోయిందని 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టాడు. ఆ తర్వాత అది పడటం మానేసింది. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఇంటి వైరింగ్ మొత్తం మార్చాలంటున్నాడు. నిజంగా అవసరమా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, భయంగా ఉంది.

కిటికీపక్కన:

పోయినప్పుడు వెళ్లి మీటరు చూడండి. అంకెలు కనిపిస్తుంటే లోపం ఇంట్లో ఉన్నట్టు, మీటరు కూడా ఆరిపోయి ఉంటే బయట ఉన్నట్టు. మా ఇంట్లో అలాగే తేలింది.

పాత లైన్‌మన్:

అమ్మా, నేను లైను మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు తెలిసినవాళ్ల ఇళ్లలో వైరింగ్ చూసిపెడుతుంటాను. మీరు చాలా శ్రద్ధగా గమనించి రాశారు, దానివల్లే ఇక్కడినుంచైనా చెప్పగలుగుతున్నాను. మీ ఇంట్లో ఉన్నది ఒక లోపం కాదు, మూడు. ఒకదానికొకటి సంబంధం లేదు. వైరింగ్ మొత్తం మార్చినా మూడోది పోకపోవచ్చు.

అన్నిటికంటే ముందు ఆ 32 ఎంసీబీ. ఇది చదవగానే వంటింటి లైను దింపేసి, పాత సైజుదే మళ్లీ పెట్టించండి. అప్పటిదాకా వంటింట్లో బరువైన సామాను వాడొద్దు. ఎంసీబీ ఉన్నది మీ ఓవెన్‌ని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడటానికి. మామూలుగా ప్లగ్గులకు లాగే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పైపులో ఉన్నప్పుడు 20 ఆంపియర్లు, ఇంకాస్త ఎక్కువ మోస్తుంది. మీరు చెప్పిన మూడూ కలిపితే 5,500 వాట్ల దాకా ఉంటుంది. 230తో భాగించండి, దాదాపు 24 ఆంపియర్లు. 16 ఎంసీబీ పడిపోయిందంటే అది తన పని తాను చేసింది. ఇప్పుడు 32 పెట్టాక వైరు ఎంత కాగినా ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైనున్న ప్లాస్టిక్ గోడలోపల మెత్తబడుతుంది. అక్కడ అంటుకుంటే బయటికి పొగ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. పడుతున్న ఎంసీబీకి పెద్దది పెట్టడం అనేది నేను చూసినవాటిల్లో అతి ప్రమాదకరమైన రిపేరు. ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి. ఓవెన్‌కి విడిగా సరైన సైజు వైరుతో ఒక లైను లాగించండి, సమస్య అక్కడితో పోతుంది.

ఎంసీబీ రెండు కారణాలకు పడుతుంది. లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఒకటి ఉంటుంది, లోడు ఎక్కువైతే అది మెల్లగా వేడెక్కి వంగి పడేస్తుంది. ఇంకోటి చిన్న కాయిల్, షార్ట్ అయితే కళ్లు మూసి తెరిచేలోపు పడేస్తుంది. కాబట్టి కాసేపు నిలబడి పడితే లోడు. ఎత్తీ ఎత్తగానే టక్కున పడితే షార్ట్. లోడు వల్ల పడ్డప్పుడు పట్టీ చల్లారాలి, రెండు నిమిషాలు ఆగి, పిడిని ముందు పూర్తిగా కిందికి నొక్కి ఆ తర్వాత ఎత్తాలి. షార్ట్ అయితే మళ్లీ మళ్లీ ఎత్తకండి. ఎత్తిన ప్రతిసారీ ఆ షార్ట్ అయినచోట స్పార్క్ వస్తుంది.

రెండోది, వానకు పడే స్విచ్. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. ఫేజులో, అంటే కరెంటు తెచ్చే వైరులో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో, అంటే తిరుగు వైరులో తిరిగి వస్తోందా లేదా అని అది అస్తమానం కొలుస్తుంటుంది. ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. అంతకంటే తేడా వచ్చిందంటే ఎక్కడో కరెంటు తడిలోకో, ఎర్త్‌లోకో, మనిషిలోకో కారుతోందని అర్థం. మీకు వానకు పడి ఎండకు బాగవుతోంది కాబట్టి నీళ్లు చేరే చోట వెతకండి. గేటు లైటు, బాల్కనీ ప్లగ్గు, మేడ మీద మోటారు కనెక్షన్, గోడ చెమ్మ పట్టే చోట ఉన్న జంక్షన్ బాక్సు.

వెతికే పద్ధతి చెప్తాను. ఎంసీబీలన్నీ దించండి. ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ రండి. ఏది ఎత్తినప్పుడు పడిందో ఆ లైన్లో లోపం. కొన్నిసార్లు అన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడదు. కంగారు పడొద్దు. చాలా బోర్డుల్లో ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. న్యూట్రల్ ఎక్కడైనా ఎర్త్‌కి తగులుతుంటే ఎంసీబీ దించినా లోపం పోదు. అప్పుడు గీజరు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ ప్లగ్గులు స్విచ్ ఆపడం కాదు, ఊడదీసి చూడాలి. పాతబడ్డ గీజరు కాయిల్ దీనికి మొదటి అనుమానితుడు. ఏదేమైనా ఆర్‌సీసీబీ విసిగిస్తోందని దాన్ని తప్పించి నేరుగా కలపమని ఎవరైనా అంటే ఆ మనిషిని మళ్లీ ఇంటికి పిలవకండి. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఇక మూడోది. నాకు ఎక్కువ భయం దీని గురించే. చెప్పేముందు కొన్ని అడగాలి. మీకు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? మీటరులోకి వచ్చే వైర్లు రెండా, నాలుగా? రెండైతే సింగిల్ ఫేజు, నాలుగైతే మూడు ఫేజులూ ఒక న్యూట్రల్. హాలు ఆగిపోయినప్పుడు పడగ్గది దీపాలు మామూలుగానే ఉంటాయా, వెలుగు ఎక్కువా తక్కువా అవుతుందా? మీటరు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన గానీ, కుళ్లిన చేపలాంటి వాసన గానీ వస్తోందా? ఏదీ ముట్టుకోకండి, చూసి చెప్పండి చాలు.

పైన తమ్ముడు చెప్పిన మీటరు పరీక్ష సింగిల్ ఫేజుకి పనికొస్తుంది. త్రీ ఫేజులో ఒక ఫేజు పోయినా మీటరు వెలుగుతూనే ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు.

మేడమీదగది:

నమస్కారం అండీ. వంటింటి లైను ఆపేశాను. 16ది రేపు పెట్టిస్తాను.

మీటరులోకి నాలుగు వైర్లు వస్తున్నాయి. మీటరు కింద అంచు ఒకవైపు గోధుమరంగులోకి మారి కొద్దిగా ఉబ్బినట్టుంది. వాసన ఉంది, నేను ఇన్నాళ్లూ ఎలుక ఏదో చచ్చిందనుకున్నాను. మీరు అడిగాక గుర్తొచ్చింది, నిన్న హాలులో దీపం మసకబారినప్పుడు పిల్లల గదిలో దీపం మామూలుకంటే చాలా తెల్లగా వెలిగింది. అక్కడే ఫోన్ ఛార్జర్ టప్పున పేలి కాలిపోయింది. ఛార్జర్ నాసిరకం అనుకున్నాను.

పాత లైన్‌మన్:

అమ్మా, ఇప్పుడే మెయిన్ ఆపేయండి. ఆపాక మిగతాది చదవండి. మీ చోట కరెంటు సరఫరా చేసేవాళ్ల ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేసి "మీటరు దగ్గర న్యూట్రల్ లూజైంది, కాలుతోంది" అని ఈ మాటలతోనే చెప్పండి. కరెంటు పోయిందని చెప్తే వరసలో పెడతారు. కాలుతోందంటే ముందు వస్తారు. మీటరు సీలు మీరు గానీ, మీ ఎలక్ట్రీషియన్ గానీ తీయొద్దు. మెయిన్ ఆపినా బయటినుంచి మీటరులోకి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది.

ఒక దీపం మసకబారి ఇంకోటి మండిపోయిందంటే అది న్యూట్రల్ తప్ప వేరేది కాదు. ఎందుకంటే, ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ సరిగా ఉన్నంతసేపూ ప్రతి గదికీ 230 అందుతుంది. అది తెగిందా, హాలు ఒక ఫేజు మీద, పిల్లల గది ఇంకో ఫేజు మీద ఉంటే రెండూ వరసగా కలిసిపోయి ఆ 400ని పంచుకుంటాయి. సమానంగా పంచుకోవు. హాలులో 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె, గదిలో 100 వాట్ల బల్బు మాత్రమే ఉన్నాయనుకోండి, ఇస్త్రీపెట్టెకు నలభై వోల్టులు కూడా దక్కవు, బల్బు మీద 360 పైన పడుతుంది. తక్కువ లోడు ఉన్న గదే ఎక్కువ దెబ్బ తింటుంది. మీ ఛార్జర్ తప్పేమీ లేదు. టీవీ, ఫ్రిజ్ ఇంకా మిగిలి ఉండటం అదృష్టం.

సాయంత్రమే ఎందుకొస్తోందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. జాయింటు వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది. వచ్చే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే లోడు రెట్టింపైతే వేడి నాలుగింతలు. పగలు రెండు ఫ్యాన్లకు ఏమీ కాదు. రాత్రి అన్నీ వేసేసరికి అది కాగి, సాగి, పట్టు తప్పుతుంది. పది నిమిషాల్లో చల్లారి మళ్లీ అంటుకుంటుంది. దానంతట అదే వచ్చింది కదా అని మనం ఊరుకుంటాం. వచ్చిపోయిన ప్రతిసారీ లోపల కొంచెం కాలుతుంది, ఇంకొంచెం వదులవుతుంది. ఏ స్విచ్చూ పడకుండా పోయి, ఎవరూ ముట్టుకోకుండా వచ్చే కరెంటుని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు. నా అనుభవంలో ఇంట్లో కరెంటు పోవడానికి వదులు కనెక్షన్ కంటే పెద్ద కారణం లేదు. స్విచ్ బోర్డులో స్క్రూ కావచ్చు, ఎంసీబీ కింద కొస కావచ్చు, స్తంభం మీద జాయింటు కావచ్చు.

మేడమీదగది:

మెయిన్ ఆపేశాను. ఫోన్ చేశాను, వస్తున్నామన్నారు. చాలా థాంక్స్ అండీ.

చీకటిగదిలో:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది వేరే సమస్య. గాలి వీచిందంటే వీధి మొత్తానికి కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంది, మళ్లీ పోయి వస్తుంది, మూడోసారి పోతే ఇక గంటల తరబడి రాదు. ఎవరో ఆడుకుంటున్నట్టు ఆ మిణుకుమిణుకులు ఎందుకు?

సబ్‌స్టేషన్ షిఫ్టు:

ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఇది నేను చెప్తాను. ఎవరూ ఆడుకోరండీ. లైను మీద కొమ్మ తగిలినా, పిడుగు పడినా, పక్షో ఉడుతో రెండు తీగలకు అడ్డం వచ్చినా సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ అనే పెద్ద స్విచ్ కరెంటు తెంపేస్తుంది. వీటిలో చాలా లోపాలు క్షణంలో పోయేవే. కొమ్మ ఊగి అవతలికి వెళ్లిపోతుంది. అందుకని చాలా లైన్లకు ఆటోమేటిక్‌గా మళ్లీ కలిపి చూసే ఏర్పాటు ఉంటుంది. రెండు మూడుసార్లు చూస్తుంది, అప్పటికీ లోపం ఉంటే లాక్ అయిపోతుంది. మీరు చూసే మిణుకుమిణుకులు అవే. ఆ తర్వాత మనిషి లైను వెంట నడిచి తెగిన తీగో, విరిగిన కొమ్మో, పగిలిన ఇన్సులేటరో (తీగ స్తంభానికి తగలకుండా పట్టుకునేది) కళ్లతో చూసి తీయాలి. గంటలు పట్టేది అందుకే. చీకట్లో, వానలో ఇంకా ఆలస్యం.

తొలకరి వానకే లైన్లు ఎందుకు ఆగిపోతాయని చాలామంది అడుగుతారు. ఎండాకాలమంతా ఇన్సులేటర్ మీద దుమ్ము పేరుకుంటుంది. సన్న జల్లు పడితే ఆ దుమ్ము తడిసి కరెంటుకి దారి ఇస్తుంది. గట్టి వాన అయితే కడిగేస్తుంది కాబట్టి అంత బాధ ఉండదు.

కొమ్మలు కొట్టడానికి వచ్చినప్పుడు చెట్టు పాడుచేస్తున్నారని గొడవపడేవాళ్లకి ఒక్కటి చెప్పాలి. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ కెనడాలోని ఒంటారియోలోనూ దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. దానికి దారితీసిన వరసలో, లోడుకి వేడెక్కి కిందికి సాగిన హైటెన్షన్ లైన్లు ఒహాయో రాష్ట్రంలో చెట్లకు తగలడం ఒకటి. అక్కడి కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్ కూడా పనిచేయలేదు, దాంతో ఒక్కో లైనూ ఆగిపోతున్నా సమయానికి తెలియలేదు. తీగ ఎండకూ లోడుకూ కిందికి దిగుతుంది. ఉదయం కొమ్మకీ తీగకీ మధ్య కనిపించిన ఖాళీ మధ్యాహ్నానికి ఉండదు.

మేడమీదగది:

వచ్చి చూశారండీ. మీటరు కింద న్యూట్రల్ బిగించిన చోట పూర్తిగా నల్లబడిపోయింది. బయటినుంచి వచ్చేది అల్యూమినియం వైరు, దాన్ని రాగి వైరుతో నేరుగా మెలిపెట్టి టేపు చుట్టి ఉందట. అది కోసేసి కొత్త కనెక్టర్ వేశారు, మీటరు కూడా మార్చారు. నిన్న రాత్రి అన్నీ వేసినా ఏ గదీ ఆగలేదు. వానది కూడా దొరికింది. మీరు చెప్పినట్టు ఒక్కొక్కటీ ఎత్తితే బాల్కనీ లైను దగ్గర పడింది. ప్లగ్గు పెట్టె తెరిస్తే లోపల నీళ్లు.

పాత లైన్‌మన్:

చాలా సంతోషం అమ్మా. అల్యూమినియాన్నీ రాగినీ నేరుగా మెలిపెట్టకూడదు. అల్యూమినియం మీద గాలి తగలగానే కరెంటు పారని పొర ఏర్పడుతుంది. బిగించిన చోట అల్యూమినియం కాలం గడిచేకొద్దీ నలిగి వదులవుతుంది. తడి తగిలితే రెండు లోహాల మధ్య తుప్పు తోడవుతుంది. రెండిటికీ పనికొచ్చే కనెక్టర్ వేసి, పొర చేరకుండా పేస్టు రాసి బిగించాలి. ఇంకో పని మిగిలింది. స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే అదే సర్వీసు వైరు స్తంభం దగ్గర ఎలా కలిపారో వాళ్లనే చూడమనండి. ఇక్కడ మెలిపెట్టిన చెయ్యే అక్కడా పెట్టి ఉంటుంది.

కిటికీపక్కన:

ఇంత తెలిసినవాళ్లు ఉన్నప్పుడే అడగాలి. గంటలకొద్దీ పోయినప్పుడు మా అన్నయ్య చిన్న జనరేటర్ తెచ్చి, రెండు వైపులా పిన్నులున్న వైరుతో హాలు ప్లగ్గులో పెట్టి ఇల్లంతా వెలిగిస్తాడు. మెయిన్ ఆపేస్తే ఇబ్బంది లేదంటాడు. నిజమేనా?

పాత లైన్‌మన్:

వద్దు తమ్ముడూ. ఆ వైరు ఈరోజే ముక్కలు చేసి పారేయమను. దాని ఒక కొస ప్లగ్గులో ఉండి రెండో కొస చేతిలో ఉంటే బయటికి కనిపించే పిన్నుల్లో 230 వోల్టులు ఉంటాయి. మెయిన్ ఆపడం ఒక్కరోజు మర్చిపోతే చాలు, మీ జనరేటర్ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. 11,000 వోల్టుల్ని దించేదే, అటునుంచి ఇస్తే పైకి పెంచుతుంది. లోడు తట్టుకోలేక జనరేటర్ ఆగిపోతుందిలే అంటారు. ఆగేలోపు ఆ ఒక్క క్షణంలో లైను మీద ఒక మనిషి ఉంటాడు. సబ్‌స్టేషన్‌లో తెంపారని నమ్మి ఎక్కినవాడు. ఇలాగే వచ్చిన కరెంటుకి నాతో పనిచేసిన ఒకతను చేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. ఎవరింటినుంచి వచ్చిందో చివరిదాకా తెలియలేదు. మేం ఎక్కేముందు లైను మూడు తీగలూ కలిపి ఎర్త్ చేసేది ఇలాంటివాటికి భయపడే.

ఇల్లంతా జనరేటర్ మీద నడవాలంటే మీటరు తర్వాత ఛేంజ్‌ఓవర్ స్విచ్ పెట్టించాలి. పిడి లైను వైపు ఉంటే జనరేటర్ కలవదు, జనరేటర్ వైపు ఉంటే లైను కలవదు, రెండూ ఒకేసారి కలిసే వీలే ఉండదు. అది పెట్టించేదాకా జనరేటర్‌కే నేరుగా ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి ఫ్రిజ్, రెండు దీపాలు, ఫోన్లు నడుపుకోండి. జనరేటర్ ఇంట్లో గానీ వరండాలో గానీ పెట్టొద్దు. కిటికీలకు దూరంగా ఆరుబయట ఉండాలి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు.